నూట ముప్పై అయిదు లెన్సులో మా అన్న

మా అన్నకు ఫోటో దిగడం రాదు. కెమెరా కనబడితే చాలు, చొక్కా పైగుండీ పెట్టుకుని, రెండు చేతులూ తొడలకు ఆనించి, జెండా వందనంలో నిలబడ్డ బడిపిల్లాడిలా బిగుసుకుపోతాడు. పెళ్ళి ఫోటోలో అట్లాగే ఉన్నాడు. కూతురు పుట్టినప్పుడు స్టూడియోలో దిగిన ఫోటోలోనూ అంతే. ఆధార్ కార్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలో పాతికేళ్ళకు పైగా బండలు కోసిన మనిషి ఆ బండల మధ్య ఎట్లా ఉంటాడో ఒక్క ఫోటోలోనూ లేదు. నేను ఫిల్ము కెమెరా పట్టింది ఆయన కోసమేనని చెబితే అబద్ధమవుతుంది. దూరపు లెన్సు కొన్నది మాత్రం ఆయన కోసమే.

నేను కడపలో ఒక కాలేజీ ఫిజిక్సు ల్యాబులో అసిస్టెంటుని. పిల్లలు కటకాన్ని బల్ల మీద అటూ ఇటూ జరుపుతూ కొవ్వొత్తి బొమ్మ తెర మీద పడేదాకా తంటాలు పడుతుంటే చూస్తూ కూర్చోవడం నా ఉద్యోగంలో సగం. మా నాయన చిన్నప్పుడే పోతే, అన్న చదువు మానుకుని ఫ్యాక్టరీకి పోయాడు, నన్ను చదివించాడు. ఈ మాట ఆయన ఏనాడూ అనలేదు. అననందువల్లనేమో, ఆయన ముందు కూర్చుంటే నాకు మాటలు పెగలవు. సెలవొస్తే బస్సెక్కి బేతంచెర్లకు పోతాను, వదిన వండింది తింటాను, అన్నతో వానల గురించి నాలుగు మాటలు మాట్లాడతాను, తిరిగొస్తాను. మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఇంతే.

లెన్సు కర్నూలులో దొరికింది. పాత బస్టాండు వైపు ఒక స్టూడియో మూసేస్తున్నారని తెలిసి పోయాను. గాజు బీరువాలో మామూలుగా వాడే యాభై మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు ఫిల్ము మోజు మళ్ళీ వచ్చింది గదా, యాభై లెన్సంటే జనం ఎగబడుతున్నారు. దూరాన్ని దగ్గరికి లాగే నూట ముప్పై అయిదును అడిగిన నాథుడు లేడు. అది పొడుగు, బరువు, మెడకు తగిలించుకుంటే మెడ గుంజుతుంది. పైగా ఆ రోజుల్లో ప్రతి స్టూడియోవాడూ ఒకటి కొనిపెట్టుకున్నాడట, అందుకే ఎక్కడ చూసినా అవే మూలపడి ఉన్నాయి. స్టూడియో సాయిబు దాన్ని లుంగీ అంచుతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"లోపల కొంచెం బూజు ఉండాది. ఫోటోలో కనపడదులే. రెండు పాయింటు ఎనిమిదప్పా ఇది. చీకటింట్లో గూడా చూస్తాది. కానీ ఫుల్లు తెరిస్తే శానా జాగ్రత్తగా ఫోకస్ పట్టాల. ముక్కు మీద పట్టినావంటే కన్ను పోతాది" అన్నాడు.

జత చెప్పుల ధరకు ఇచ్చేశాడు. ఆ మాటకొస్తే నా చెప్పులే కాస్త ఖరీదు.

సాయిబు చెప్పింది నిజమే. ఆ లెన్సు నోరు పెద్దది, వెలుతురు బాగా తాగుతుంది. కానీ పూర్తిగా తెరిస్తే దాని చూపు పలుచన. ఒక మనిషి మీద నిలిపితే వెనకా ముందూ అంతా మసక. నిలపడం కూడా మన చేతుల్లోనే ఉంది. రింగు తిప్పాలి, కంటికి స్పష్టంగా అనిపించినప్పుడు ఆపాలి. నా కెమెరా అద్దం పాతది, మబ్బుగా ఉంటుంది. నా కళ్ళూ కొత్తవి కావు. ముప్పై ఆరు ఫోటోల రీలులో పది కుదిరితే ఆ రోజు పండగే. ఫోనుతో టకటకా వంద తీసి వందా తుడిచేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. కష్టపడి తీసిందే ఫోటో అని వాళ్ళకు ఉచితంగా ఉపన్యాసాలు కూడా ఇచ్చేవాణ్ణి.

దగ్గరికి పోతే మనిషి మారిపోతాడు, మనకోసం ఒక మొహం తగిలించుకుంటాడు, దూరం నుంచి చూస్తేనే అసలు మనిషి దొరుకుతాడు. ఇదీ నా సిద్ధాంతం. దూరపు కొండలు నునుపంటారు గానీ నా లెన్సులో దూరపు కొండకు గరుకు కూడా కనబడుతుందని గొప్పలు పోయేవాణ్ణి.

ఆ లెన్సును మొదట మా గుడిలో వాడాను. మాది తాతల నాటి నుంచీ క్రైస్తవ కుటుంబం. బేతంచెర్లలో మా గుడి పాతది. మందపు గోడలు, చిన్న కిటికీలు, లోపల మధ్యాహ్నం కూడా నీడే. ఫ్లాషు వేస్తే పాస్టరు అయ్యగారు ఊరుకోరు. ఈ లెన్సుతో చివరి బెంచీలో కూర్చుని, ఎవరికీ తెలియకుండా, ఆ నీడలోనే తీయగలిగాను. ఆరాధన మధ్యలో మనవులు చెప్పుకునే సమయం ఒకటుంటుంది. ఎవరికే కష్టముంటే వాళ్ళు లేచి నిలబడి, దాచుకోకుండా పైకి చెప్పుకోవాలి. సంఘమంతా దాన్నెత్తుకుని ప్రార్థన చేస్తుంది. ఆడవాళ్ళు ముసుగు సవరించుకుంటూ లేచి, కొడుకు తాగుడనీ, బోరులో నీళ్ళు రాలేదనీ, కడుపులో గడ్డనీ చెబుతుంటే ఆ మొహాలను తీసేవాణ్ణి. చాలా బాగా వచ్చేవి. ఎవరైనా లేచిన అలికిడైతే నా చెయ్యి దానంతటదే కెమెరా మీదికి పోయేది.

పోయిన ఎండాకాలం ఒక సెలవు రోజున వదిన నా చేతికి అన్నం క్యారియరు ఇచ్చి, "మీ అన్న పొద్దున ఏమీ తినకుండా పాయ. ఇది ఇచ్చి రాప్పా, కాళ్ళు సాగినట్టుంటాది" అంది. కెమెరా సంచీ కూడా భుజానికి తగిలించుకుని బయల్దేరాను.

ఫ్యాక్టరీ వెనకవైపు పగిలిన బండముక్కల దిబ్బలున్నాయి. వాటి పక్కనుంచి పోతే లోపలి ఆవరణ అంతా కనబడుతుంది. లారీకి బండలెక్కిస్తున్నవాళ్ళ మీద ఎండ మంచిగా పడుతోంది. క్యారియరు ఒక బండ మీద పెట్టి కెమెరా తీశాను. లోపల కోత మిషన్లు నీళ్ళతో తిరుగుతాయి, అక్కడ దుమ్ము తక్కువ. అంచులు మాత్రం చేతిమిషనుతో పొడిగా కోస్తారు. అది మా అన్న పని. ఆ రేకుల షెడ్డులోంచి దుమ్ము తెల్లగా బయటికి వస్తోంది.

ఆ దుమ్ములోంచే అన్న బయటికొచ్చాడు. నన్ను చూడలేదు. పేర్చిన బండల చాటుకు పోయి, షెడ్డు వాళ్ళకు కనబడకుండా కూలబడ్డాడు. నాకూ ఆయనకూ మధ్య యాభై అడుగులుంటాయేమో. తలలో, కనుబొమల్లో తెల్లటి దుమ్ము. పైగుండీ లేదు. బిగింపు లేదు. ఇన్నేళ్ళుగా నేను కోరుకున్న మా అన్న అద్దంలో ఉన్నాడు. రింగు తిప్పుతున్నాను.

అప్పుడు దగ్గు వచ్చింది. మిషన్ల మోతలో నాకు వినబడలేదు, కనబడింది. భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకు వంగిపోయాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది. ఒక చెయ్యి బండ అంచును పట్టుకుంది. చాలాసేపటికి తలెత్తి, తువ్వాలు విప్పి చూసుకున్నాడు. అందులో ఎర్రగా ఉంది. ఆ ఎర్రదనం నేను కళ్ళారా చూశాను. తువ్వాలును మరక లోపలికి పోయేట్టు మడిచి, పక్కనున్న నీళ్ళతో నోరు పుక్కిలించి, నింపాదిగా లేచి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

నేను ఫోటో తీశాను.

తర్వాత కెమెరా సంచీలో పెట్టి, క్యారియరు పట్టుకుని, చుట్టూ తిరిగి ముందు గేటు నుంచి లోపలికి పోయాను. అన్న నవ్వాడు. బస్సు దిగి ఎప్పుడొచ్చావని అడిగాడు. క్యారియరు విప్పి, ఒక ముద్ద తిని, వదిన కూరలో ఉప్పు మరిచిపోయిందన్నాడు. అన్నా, ఏమైంది నీకు అని అడగడానికి నోరు తెరిచాను. వానలు ఈసారి ముందే వస్తాయంటన్నా అన్నాను. సాయంత్రం ఇంట్లో ధైర్యం చేసి, "ఒంట్లో ఎట్లుండాది?" అని మాత్రం అడగగలిగాను.

"నాకేమిరా, గుండ్రాయి మాదిరి ఉండా" అన్నాడు.

ఆ మాటను నేను పట్టుకుని వేలాడాను. ఆయనే చెప్పాడు గదా, ఇంకేముంది అనుకున్నాను. కడపకు వచ్చేశాను. రీలులో ఇంకా సగం మిగిలి ఉంది. సగం రీలును ఎవరూ కడగరు. అది పూర్తి కావడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ దర్గా దగ్గర పావురాలనూ, బస్టాండులో జనాన్నీ తీస్తూ గడిపాను. నాకు తెలిసిందేమిటో నాకు తెలుసు. అయినా ఫోటో వస్తే గానీ తెలియదన్నట్టు నటించాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఫోటో వచ్చింది. నేను తీసిన వాటిల్లో అంత మంచిది లేదు. ఆ రీలు నలుపు తెలుపు కాబట్టి తువ్వాలు మీద మరక నల్లగా పడింది. ఎవరైనా చూస్తే మట్టి అనుకోవచ్చు. కనుబొమల్లో దుమ్ము రేణువులు లెక్కపెట్టొచ్చు. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, దాన్ని చూసినప్పుడు నాకు మొదట కలిగింది సంతోషం. భయం తర్వాత వచ్చింది.

శనివారం బేతంచెర్లకు పోయాను. అన్న పనిలో ఉన్నాడు. నోటితో చెప్పలేని పనిని ఫోటోకి అప్పగించాను. "అన్న ఫోటో బాగా వచ్చింది వదినా" అని ఆమె చేతిలో పెట్టాను. ఏమి మాటలవి!

వదిన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూసింది.

"ఈ మరక నేనే ఉతుకుతాండా. వక్కాకు నమిలినా అంటాండె. మీ అన్న వక్కాకు మానేసి ఎన్నాళ్ళాయె, నాకు తట్టనేలేదు సూడు" అంది.  ఫోటోను బైబిలులో పెట్టుకుంది.

మరునాడు ఆదివారం. మగవాళ్ళ వైపు మూడో బెంచీలో అన్న, నేను చివరి బెంచీలో. మనవుల సమయం వచ్చింది. ఆడవాళ్ళ వైపు ఎవరో లేచిన అలికిడైంది. నా చెయ్యి కెమెరా మీదికి పోయింది. కన్ను ఆనించి రింగు తిప్పాను. మసకలోంచి మొహం తేలింది. అది మా వదిన.

"నా ఇంటాయనకు దగ్గులో నెత్తురు పడతాండాది. ఎవురికీ చెప్పకుండా పన్లోకి పోతాండాడు. దేవుడు ముట్టి బాగుచేయాలని సంఘమంతా ప్రార్థన చేయాల" అంది.  దాచుకోకుండా చెప్పుకోవడమే ఆమెకు చిన్నప్పటి నుంచీ గుడిలో నేర్పింది. ఆమె చేయగలిగినదాంట్లో అన్నిటికంటే పెద్ద పని చేసింది.

ముందు బెంచీలో ఫ్యాక్టరీ మేస్త్రీ ఉన్నాడు. ఆయనదీ మా సంఘమే. మోకాళ్ళ మీద పడి, అందరికంటే గట్టిగా, కన్నీళ్ళు పెట్టుకుని మా అన్న కోసం ప్రార్థించాడు. ఆ కన్నీళ్ళు దొంగవి కావు. సోమవారం పొద్దున ఫ్యాక్టరీ షావుకారికి చెప్పిందీ ఆయనే. చేతిమిషను నడుస్తుండగా మనిషి తూలితే ఏమవుతుందో మేస్త్రీకి తెలుసు, జవాబు చెప్పుకోవలసింది ఆయన. షావుకారు కూడా కసిరి పంపలేదు. కుర్చీ వేయించి, మజ్జిగ తాగించి, "ఇంటికాడ ఉండప్పా. పనికి పనికొస్తావని డాక్టరు కాయితం రాసిస్తే, రేపే రా" అన్నాడట.

ఆ కాయితం ఏ డాక్టరూ రాయడని మా అన్నకు ముందే తెలుసు. ఇంటికొచ్చి, బియ్యం డ్రమ్ము వెనక నుంచి ఒక పెద్ద కవరు తీసి వదిన ముందు పడేశాడు. అంతకు ఎనిమిది నెలల ముందే కర్నూలు పెద్దాసుపత్రికి ఒక్కడే పోయి ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఊపిరితిత్తుల నిండా దుమ్ము. దుమ్ములోకి పోవద్దన్నారు. కూతురు కడపలో నర్సింగు చదువుతోంది, ఇంకొక్క సంవత్సరం. ఆ ఒక్క సంవత్సరం ఎట్లాగో లాగుదామనుకున్నాడు. ఆయనకు కావలసింది అంతే.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది అంటారు. చించి గుడిలో పెట్టినావు గదే" అన్నాడట వదినతో. ఆమె ఏడుస్తూ, ఫోటో తెచ్చి చూపించింది. అన్న దాన్ని చూసి, ఎవరిచ్చారని అడిగి, ఇక ఆమెను ఏమీ అనలేదు.

నాతో మూడు నెలలు మాట్లాడలేదు. నేను పోతే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. కూతురు చదువు మానేసి ఆసుపత్రిలో ఏదో ఒక పనిలో చేరతానంటే, అట్లా చేస్తే నా మొహం చూడొద్దని ఒట్టు పెట్టాడు. దాని చదువు సంగతి నేను చూసుకుంటానని వదినతో కబురంపితే, "వాణ్ణి నేనేమన్నా అడిగినానా?" అన్నాడట. కడపలో నా గదిలో లెన్సు సంచీలోనే ఉండిపోయింది. దాని బూజు పెరిగిందో తగ్గిందో చూడలేదు.

మొన్నామధ్య వదిన ఫోను చేసింది. మీ అన్న నిన్ను రమ్మంటున్నాడు, ఆ రోజు ఫోటోలన్నీ తెమ్మంటున్నాడు అంది. ఎందుకని అడిగితే, నాకేమి తెలుసప్పా అంది. వదినకు ఇచ్చింది ఒక్కటే. మిగతావి నా దగ్గర కవరులో ఉన్నాయి. ఆ రీలు ప్రింట్లన్నీ తీసుకుని పోయాను.

అన్న మంచం మీద, గోడకు దిండు ఆనించుకుని కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. కవరు తీసుకుని లారీ ఫోటోలు పక్కన పెట్టాడు. బండల చాటున తాను కూర్చున్నవి ఏరాడు. వదిన దగ్గరున్నది కూడా అడిగి తీసుకున్నాడు. మొత్తం ఆరు. ప్రింట్ల వెనక నేను వేసుకున్న నెంబర్లు చూసి, ఆ వరసలోనే దుప్పటి మీద పరిచాడు. ఇన్నేళ్ళూ గరుకు బండ నుంచి నున్నటి బండ దాకా పాలిష్ వరస చూసిన కన్ను ఆయనది. ఒక్కొక్కదాన్ని వేలితో తాకుతూ పోయాడు.

"ఇది మసక. ఇది గూడా మసకే. ఈడ బండ బాగా వచ్చింది, నేను రాలా. ఇది కొంచెం నయం. ఇది ఇంకా నయం." ఆరోదాని మీద వేలు ఆగింది. వదినకు నేనిచ్చింది అదే. "ఇది శానా బాగుండాది."

అన్న వేలు దాని మీది నుంచి తీయకుండానే అడిగాడు.

"ఒకటి తీసినాంక ఇంకోటి తీయాలంటే ఏమి చేయాల?"

"రీలు తిప్పుకోవాల. మళ్ళా ఫోకస్ పట్టుకోవాల" అన్నాను.

"అంటే సేపు పడతాది."

"పడతాదన్నా."

"నువ్వు ఫోటో తీసినందుకు నాకేమీ కోపం లేదురా. మీ వదిన చేతికి ఇచ్చినందుకు గూడా ఇప్పుడు లేదు. ఎట్లైనా తెలిసేదే గదా." ఆయాసం తీర్చుకోవడానికి ఆగాడు. "కానీ నేను ఆడ పడి దగ్గుతాంటే, నేను బాగా వచ్చేదాకా నువ్వు ఆణ్ణే నిలబడినావా?"

"నిలబడినా" అన్నాను. 

అన్న ఊఁ అని, ఆరు ఫోటోలనూ ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు సమం చేసి, నా చేతికిచ్చాడు. అప్పుడే దగ్గు మొదలైంది. తువ్వాలు కోసం తడుముకుంటూ ముందుకు వంగిపోయాడు. ఆ శబ్దాన్ని దగ్గర నుంచి వినడం నాకదే మొదటిసారి. ఆయన భుజం నా మోచేతికి తగులుతోంది. మధ్యలో లెన్సు లేదు, యాభై అడుగులు లేవు. నా చెయ్యి ఆయన వీపు మీద వేయాలో, ఛాతీకి అడ్డం పెట్టాలో నాకు తెలియలేదు. వదిన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ఆయన్ని పట్టుకునేదాకా, ఫోటోలు పట్టుకుని, నేను అట్లాగే కూర్చుని ఉన్నాను.